స్వర్ణ కొన్న కోల మిషను

టెంకాయ చెట్టెక్కేవాడికి అరికాళ్ళే కళ్ళు. ముఖంలో ఉన్న రెండు కళ్ళూ పైనున్న మట్టల్నీ గెలల్నీ చూసుకుంటూ ఉంటే, మాను మీది ఏ గంటు గట్టిది, ఏది పుచ్చింది, ఎక్కడ నాచు పట్టి జారుతుంది అన్న సంగతులన్నీ చెప్పేవి ఆ కాళ్ళే. మునిచంద్రకు ఆ కాళ్ళు చచ్చిపోయాయని లోకంలో అందరికంటే ముందు తెలిసింది అతని భార్య స్వర్ణకు. అదీ చెట్టు కింద కాదు, వంటింట్లో తెలిసింది.

ఆ పొద్దున ఆమె కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాస్తోంది. కట్టె ఎగదోస్తుంటే నిప్పుకణిక ఒకటి ఊడి గచ్చు మీదికి దొర్లింది. మునిచంద్ర టీ కోసం లోపలికి వచ్చి సరిగ్గా దాని మీదే కాలు పెట్టి నిలబడ్డాడు. నిలబడి, మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర ఎట్లా పడిపోయిందో తీరుబడిగా చెప్పసాగాడు. స్వర్ణకు ముందు వాసన వచ్చింది. ఏం కాలుతోందా అని అటూ ఇటూ చూసి, చివరికి అతని కాలి కింద నుంచి లేస్తున్న సన్నటి పొగను చూసింది.

"మామా! కాలు తియ్యి, కాలు తియ్యి!" అని అరిచింది.

అతను కిందికి చూసి కాలెత్తాడు. నిప్పు అరికాలికి అంటుకునే ఉంది. దాన్ని చేత్తో దులపబోయి, వేలు చురుక్కుమనేసరికి "అబ్బా" అన్నాడు. కాలు కాలినప్పుడు అనని మాట వేలు కాలినప్పుడు అన్నాడు.

"మొద్దు తోలు మే. చెట్లెక్కి ఎక్కి చెప్పుల అడుగు మాదిరి అయిపోయినాయి," అని నవ్వేసి, టీ తాగి, పనికి పోయాడు. స్వర్ణకు నవ్వు రాలేదు. 

స్వర్ణది రామసముద్రం పక్క పల్లె. మునిచంద్ర ఆమెకు స్వయానా మేనమామ. అమ్మ తమ్ముడే మొగుడయ్యాడు కాబట్టి అత్తగారిల్లు కొత్తనిపించలేదు గానీ పని మాత్రం కొత్తనిపించింది. కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్లకు వంగి చేసే పనులే తెలుసు. నాట్లు, కలుపు, చెనక్కాయలు పీకడం. పుంగనూరు దగ్గరి ఈ పల్లెకు వచ్చాక తల పైకెత్తి చేసే పని వచ్చిపడింది. మొగుడు చెట్టు మీద, తను చెట్టు కింద. అతను "ఓయ్" అని కేకేస్తే పక్కకు జరగాలి. పడ్డ కాయలు పోగెయ్యాలి, మట్టలు ఈడ్చి ఒక పక్కకు చేర్చాలి, ఈనెలు చీల్చి పొరకలు కట్టాలి. పెళ్ళైన కొత్తలో అతను పైకి పోయినప్పుడల్లా కింద ఈమె ఊపిరి బిగబట్టేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. రోజూ భయపడాలంటే ఎవరివల్ల అవుతుంది?

మునిచంద్ర పనిలో వంక పెట్టే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. చెట్టును ముట్టుకుని కళ్ళకద్దుకోనిదే ఎక్కడు. చెప్పులతో చెట్టు మొదలు తొక్కడు. వాళ్ళ నాయన నేర్పింది ఒకటే మాట: ఒక చెయ్యి కత్తి మీద ఉంటే ఇంకో చెయ్యి చెట్టు మీద ఉండాల. మొవ్వు దగ్గర కూర్చుని మచ్చుకత్తితో మట్ట నరుకుతున్నా, గెల దించుతున్నా అతని ఎడమ చెయ్యి చెట్టును విడిచేది కాదు. చివరికి ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఆ చెయ్యి పక్కనున్న స్తంభాన్ని పట్టుకునే ఉంటుందని స్వర్ణ ఎగతాళి చేసేది.

ఈ ప్రాంతంలో ఒక్కో తోటకు ఎప్పుడూ వచ్చి చెట్లెక్కే వాడుక మనిషి ఒకడు ఉంటాడు. ఒకరి వాడుక చెట్టును ఇంకొకడు ముట్టుకోడు. మునిచంద్రకు వాడుకగా వచ్చే తోటలు సోమల దాకా ఉన్నాయి. కానీ వాడుక అన్నది నమ్మకం ఉన్నన్నాళ్ళే. ఒంట్లో బాగాలేనివాణ్ణి ఎక్కించి, వాడు పడి చస్తే స్టేషన్ల చుట్టూ ఎవరు తిరుగుతారని ఒక్క రైతు అనుకుంటే చాలు, ఆ మాట తోట తోటకూ పాకిపోతుంది.

నిప్పు తొక్కిన కొన్నాళ్ళకే సోమల దగ్గర ఒక తోటలో అతను జారాడు. సగం చెట్టు మీద నుంచి, కావలించుకున్న మాను విడవకుండానే కిందిదాకా జారి, రొమ్మూ చేతులూ గీరుకుపోయి, మొదట్లో పోసిన ఎరువు మీద కూలబడ్డాడు. "తాడు తెగింది," అన్నాడు తోటవాళ్ళతో. చెట్టెక్కేటప్పుడు రెండు కాళ్ళకూ కలిపి వేసుకునే ఆ తాడు తెగలేదని, ముడి కూడా వదల్లేదని, దాన్ని విప్పిన స్వర్ణకు తెలుసు.  మర్నాడు బలవంతాన అతన్ని మదనపల్లెకు తీసుకెళ్ళింది.

డాక్టరు రక్తం పరీక్ష చేయించి, చక్కెర జబ్బు ఏళ్ళుగా ఉంది, మీరెవరూ చూసుకోలేదు అన్నాడు. తర్వాత మునిచంద్రను పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. గాలం దారం లాంటి సన్నటి దారంతో అరికాళ్ళ మీద తాకుతూ, "తగిలినప్పుడల్లా ఊ అను," అన్నాడు. మునిచంద్ర కళ్ళు గట్టిగా మూసుకుని ఊ, ఊ, ఊ అంటూ పోయాడు. డాక్టరు ఆ దారాన్ని ఎప్పుడో బల్ల మీద పెట్టేశాడు. చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. పడుకున్న మనిషి మాత్రం ఊ అంటూనే ఉన్నాడు. స్వర్ణ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కాళ్ళలో నరాలు దెబ్బతిన్నాయి. మందులతో చక్కెరను అదుపులో పెట్టుకోవచ్చు గానీ ఈ స్పర్శ మళ్ళీ వస్తుందని నేను చెప్పలేను. చెట్లెక్కడం ఈ రోజుతో ఆపెయ్యాలి," అన్నాడు డాక్టరు. చెప్పుల్లేకుండా నడవొద్దని కూడా చెప్పాడు.

బస్టాండుకు వచ్చాక మునిచంద్ర చేసిన మొదటి పని, స్వర్ణ చెయ్యి పట్టుకుని కూతురు అనూష మీద ఒట్టు వేయించుకోవడం. అనూష బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది.

"ఈ మాట యా తోటోళ్ళకన్నా తెలిసిందా, నేను మనిషిని గాదు. మునిచంద్ర ఎక్కలేడంట అని ఎవడన్నా అంటే, ఆడికాడనే ఎక్కి సూపిస్తా. పడితే పడతా."

అదీ సంగతి. చెబితే మొండికి ఎక్కి చస్తాడు. చెప్పకపోతే ఎప్పటిలాగే ఎక్కి చస్తాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. స్వర్ణ బతిమాలింది, తిట్టింది, పస్తు పడుకుంది. కాళ్ళతాడు తీసి అటక మీద దాచింది. అతను గొణుక్కుంటూ కొత్త తాడు పేనుకున్నాడు. మళ్ళీ చెట్ల కింద ఆమె ఊపిరి బిగబట్టడం మొదలైంది. ఈసారి అలవాటయ్యే భయం కాదది.  కాలు పెట్టే ముందు అతను తల వంచి కాలును చూసుకుంటున్నాడని, ఇదివరకు ఎన్నడూ అట్లా చూసుకునేవాడు కాదని ఆమెకు మాత్రమే తెలుసు.

కూతురికి నిజం చెప్పలేదు. ఫోన్లో, "మీ నాయనకు వయసైపోతాండాది. ఎక్కకుండా మట్టలు కొట్టే దారి ఏమన్నా ఉండాదేమో సూడమ్మా," అంది. ఆ పిల్ల ఒక వీడియో పంపింది. ఎవరో మనిషి పొడుగాటి కోలను పైకెత్తి, మీట నొక్కి, మట్టలు రాలుస్తున్నాడు. ఏ దేశమో ఏమో, అర్థం కాని భాష. స్వర్ణ భాషను పట్టించుకోలేదు. ఆ మనిషి కాళ్ళను చూసింది. రెండు కాళ్ళూ నేల మీద ఉన్నాయి. పదే పదే ఆ కాళ్ళనే చూసి, అట్లాంటి మిషను ఎక్కడున్నా తేవాల్సిందేనని నిశ్చయించుకుంది.

మునిచంద్ర వెంట రానన్నాడు. "నేను ఆ అంగడి మెట్టెక్కితే ఊరంతా తెలిసిపోతాది," అన్నాడు. సరే, ఆమె ఒక్కతే బస్సెక్కింది.

మదనపల్లెలో మిషన్లమ్మే అంగడాయన, టెంకాయ మట్టలకు కావాలని ఆమె అనగానే పెట్రోలు రంపం ఒకటి బల్ల మీద పెట్టి తాడు గుంజాడు. అది గుర్రుమని లేచేసరికి స్వర్ణ వెనక్కి తగ్గింది.

"యా చెట్టయినా నిమిషంలో లేసిపోతాదమ్మా. పైకి తీసుకపోయి ఒంటి చేత్తో కొట్టుకోవచ్చు."

"పైకి తీసుకపోయేదానికి మచ్చుకత్తి ఉండాది గదప్పా. కింద నిలబడి కొట్టేది కావాల."

"కింద నిలబడితే మొదులు కొట్టుకోవచ్చు," అని ఆయన తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

స్వర్ణ ఆ రంపాన్ని ఎత్తి చూసింది. నిండు బిందె అంత బరువుంది. దీన్ని ఒంటి చేత్తో పట్టుకుని, తెలివిలేని కాళ్ళతో మొవ్వు కింద నిలబడిన మొగుడు కళ్ళ ముందు కదిలాడు.  తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఈ అంగడాయన గడ్డి కావాలని పోయినవాళ్ళకు తాటిచెట్టే అంటగట్టేట్టున్నాడు. ఆమె దణ్ణం పెట్టి బయటికి వచ్చేసింది.

పుంగనూరు అంగట్లో కోల ఉంది. తళతళలాడే అల్యూమినియం కోల, చివర రంపం, మొదట్లో కరెంటు తీగ. బరువు లేదు. చేతికి ఎంత హాయిగా ఉందంటే, స్వర్ణకు ఒక్క క్షణం అక్కడే కొనేయాలనిపించింది. కానీ తోటలు గుర్తొచ్చాయి. తోటకొక బోరు, బోరుకొక మోటారు, మోటారుకొక లైను. ఆ తీగలు చెట్ల సందుల్లోంచి వేలాడుతూ పోతాయి. వాళ్ళ వీధిలోనే ఒకాయన బోరులోంచి తీసిన ఇనుప పైపును నిలబెట్టబోయి తీగకు తగిలించి, కేక వెయ్యడానికైనా వీలు లేకుండా చచ్చిపోయాడు.

"ఇది లైనుకు తగిల్తే ఎట్లప్పా?" అని అడిగింది.

"తగలకుండా సూసుకోవాల. పట్టుకునే కాడ రబ్బరుండాది లేమ్మా."

ఆ రబ్బరు జానెడు కూడా లేదు. ఆమె కోలను జాగ్రత్తగా గోడకు ఆనించి వచ్చేసింది. ఇంటికి పోయే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. చెట్టు మీద నుంచి పడి చావడం, కరెంటు తగిలి చావడం, వీటిలో ఏది కావాలో ఎంచుకోమన్నట్టుంది. ఆమె బస్సు దిగేలోపే రామసముద్రం దారిలో తోట ఉన్న గురుమూర్తి ఫోన్ చేశాడు. జాతరకు చుట్టాలు వస్తారు, ఆలోపల చెట్లన్నీ శుభ్రం చెయ్యాలి, మునిచంద్రను ఈ వారంలోనే పంపమన్నాడు.

ఎవరో చెబితే కుప్పం పోయింది. అక్కడ బస్టాండు దగ్గర గీత అనే ఆమె మల్బరీ కొమ్మలు కత్తిరించే మిషన్లు అమ్ముతుంది. పట్టుపురుగుల రైతులతో అంగడి కిటకిటలాడుతోంది. స్వర్ణ వంతు వచ్చినప్పుడు గీత ఏ మిషనూ చూపించలేదు. ముందు ప్రశ్నలడిగింది. చెట్లు పొట్టివా, నాటువా? తోటలో లైన్లు ఉండాయా? మిషను ఎవరు పట్టుకుంటారు? వాళ్ళ ఒళ్ళెట్లుంటాది?

ఆ చివరి ప్రశ్న స్వర్ణను ఇంతవరకు ఏ అంగట్లోనూ ఎవరూ అడగలేదు. ఒట్టు వేసింది తోటలవాళ్ళకు చెప్పకూడదని కదా, కుప్పంలో మిషన్లమ్మే ఆమెకు చెప్పకూడదని కాదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుని, నిప్పుకణిక దగ్గర్నుంచి డాక్టరు దారం దాకా అంతా కక్కేసింది. గీత ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"చైను తిరిగే కోలలు ఉండాయక్కా. మామిడికి, చింతకు బాగుంటాయి. టెంకాయ మట్టలో పీచుండాది గదా, అది చైనులో సుట్టుకుని ఆగిపోతాది. ఆగితే మనం గుంజుతాం. గుంజితే మట్ట మన నెత్తిన పడతాది. మీకు ఇది పనికొస్తాది సూడు," అని మూలనున్న ఇంకో కోల తీసింది.

దాని చివర చైను లేదు, వంపు తిరిగిన కొడవలి ఉంది. బ్యాటరీ వీపుకు తగిలించుకోవాలి. మీట నొక్కితే ఆ కొడవలి ముందుకూ వెనక్కూ వడివడిగా ఆడుతూ మట్టను కోస్తుంది. కోల ఫైబరుది. అంగడి వెనక పొట్టి టెంకాయ చెట్టు ఒకటుంది. గీత స్వర్ణను అక్కడికి తీసుకెళ్ళి, తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు పెట్టించి, కోలను ఆమె చేతికే ఇచ్చింది.

"చెట్టు మొదట్లో నిలబడకూడదు. దూరంగా, ఏటవాలుగా. మట్ట యాడ పడతాదో ముందే సూసుకుని, ఆడ లేకుండా ఉండాల. రెండు చేతులూ కోల మీదే. ఒక చెయ్యి తీస్తివా, అది మనల్ని ఆడిస్తాది. ఫైబరు గదా అని లైను కాడికి పోవద్దు. లైనుండే చెట్టయితే కరెంటోళ్ళకు సెప్పి ఆపించుకోవాల."

స్వర్ణ మీట నొక్కింది. భుజాలు అదిరాయి. మట్ట ఒకటి కరకరమని తెగి, ఆమెకు దూరంగా పడింది. చాలా కాలానికి ఆమెకు నవ్వొచ్చింది.

"ఒక మాట సెప్తా, తర్వాత తిట్టుకోవద్దు. పొడుగు నాటు చెట్లకు ఇది అందదు. వాటిని వదిలెయ్యాల, లేదంటే మనిషిని పైకెత్తే బండిని పిలిపించుకోవాల. ఇంకోటి, మీ ఆయన్ను ఒకసారి పిలుచుకురా. పట్టుకునే చేతికి నేర్పించాల గానీ నీకు నేర్పిస్తే ఏం లాభం?"

"ఆయన రాడమ్మా," అంది స్వర్ణ.

ఇంట్లో ఉన్న పాలావును అమ్మి ఆ కోలను తెచ్చింది. మునిచంద్ర దాన్ని చూసి, "మామిడికాయలు రాల్చే దోటి మాదిరి ఉండాదే," అని ఈసడించబోయి, ఖాళీగా ఉన్న ఆవు గాడి వైపు చూసి ఆగిపోయాడు. కోలను చేతిలోకి తీసుకుని, "పొట్టి చెట్లకైతే సరే," అన్నాడు. గీత చెప్పినవన్నీ స్వర్ణ పూసగుచ్చినట్టు చెప్పింది. అతను ఊ, ఊ అన్నాడు. ఆ ఊ ఎట్లాంటిదో ఆమె అప్పుడే పోల్చుకుని ఉండాల్సింది.

గురుమూర్తి తోటలో మోటారు షెడ్డు పక్కన పొట్టి చెట్ల వరస ఉంది. పశువుల కొట్టం దగ్గర మాత్రం తాతల నాటి పొడుగు చెట్టు ఒకటి ఉంది. దాని ఎండు మట్టలు కొట్టం రేకుల మీదికి వేలాడుతున్నాయి. లైను షెడ్డు అవతలి పక్కనుంచే పోతోందని చూసుకుని స్వర్ణ అతనికి బ్యాటరీ తగిలించి, హెల్మెట్ పెట్టింది. నీళ్ళు కడుతున్న మనుషులు చూసి కిసుక్కున నవ్వారు. మునిచంద్ర ముఖం కందగడ్డయింది.

మొదటి రెండు మట్టలు బాగానే పడ్డాయి. స్వర్ణ ఊపిరి వదిలింది. మూడో మట్టకు కొడవలి తగిలించి అతను మీట నొక్కాడు. మట్ట గట్టిది, కోల వణికింది. ఆ వణుకుకు అతను ఒక అడుగు ముందుకు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. ఎడమ చెయ్యి కోలను వదిలేసి పోయి చెట్టును పట్టుకుంది.

"మామా, చెయ్యి!" అని ఆమె అరిచేలోపే మట్ట తెగింది. కోల వెంబడే జారి, మట్ట బరువైన మొదలు హెల్మెట్ మీద ఠప్పున తగిలి, భుజాన్ని చీరుకుంటూ కింద పడింది. అతను మోకాళ్ళ మీద కూలాడు. కోల పక్కకు పడి ఆగిపోయింది.

స్వర్ణ పరిగెత్తిపోయి చొక్కా తీసి చూసింది. తోలు లేచింది గానీ ఎముక విరగలేదు. హెల్మెట్ పగిలింది. అది లేకపోతే తల పగిలేది.

"చెట్టు మీద చెయ్యి యాల పెట్టినావు?" అంది ఏడుస్తూ.

"యాడ పెట్టినా?"

అతను బుకాయించడం లేదు. నిజంగానే తెలియదు.  కాళ్ళు చెప్పాల్సింది చెప్పడం మానేశాయి. ఈ చెయ్యి ఎవరూ చెప్పకుండానే చేసుకుపోతోంది. ఇన్నేళ్ళు అతని ప్రాణం కాచిన అలవాటు ఇప్పుడు అతన్ని మట్ట కిందికి లాక్కుపోయి నిలబెట్టింది. దీనికి ఏ అంగట్లో మిషను దొరుకుతుంది? గీత చెప్పినట్టు ఆ చేతికే నేర్పించాలి, నేర్చుకునేదాకా ఆగాలి. ఆగే మనిషా ఇతను?

"ఇన్నేండ్లు మచ్చుకత్తితో కొట్టినా. ఒక్క మట్ట నా మీద పడిందా? నీ దిక్కుమాలిన దోటి పట్టిన పొద్దే పడె," అంటూ మునిచంద్ర లేచాడు. భుజం మీది నెత్తురు తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కున్నాడు. తెచ్చుకున్న సంచీలో చెయ్యి పెట్టి, కొబ్బరి నారతో పేనిన కాళ్ళతాడు బయటికి తీశాడు.

సరిగ్గా అప్పుడే గురుమూర్తి అటుగా వచ్చాడు. మంచివాడే పాపం, ఏమీ తెలియదు. "ఏమప్పా మునిచంద్రా, నీకీ మిషన్లతో యాలప్పా తంటా? నువ్వు ఎక్కినావంటే చిటికెలో పని. కొట్టం కాడ చెట్టు ముందు సూడు. ఆ మట్ట పడిందంటే రేకు పగుల్తాది," అన్నాడు.

"అదే పోతాండానన్నా," అన్నాడు మునిచంద్ర.

స్వర్ణ అడ్డం పోయింది. "వద్దు మామా. ఇంకెవరినన్నా పిలిపిద్దాం. మనిషిని పైకెత్తే బండి పిలిపిద్దాం."

"ఇంకెవరు? నా చెట్టు ఇంకెవడు ముట్టుకుంటాడు?"

ఆమె గురుమూర్తి వైపు చూసింది. నోరు తెరిచింది. మునిచంద్ర కళ్ళు ఆమెను పొడిచాయి. ఇప్పుడు ఆ మాట బయటపెడితే దాన్ని అబద్ధం చెయ్యడానికి ఇంకా వేగంగా ఎక్కుతాడు.  అతను పొడుగు చెట్టు దగ్గరికి పోయి, మెత్తటి చెప్పులు దూరంగా విడిచి, తాడు మొదట్లో పెట్టి, చెట్టును ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

కళ్ళు మూసుకున్న ఆ కాస్త సేపట్లో స్వర్ణ తాడు లాక్కుంది.

ఏం చేస్తున్నదో ఆమెకే తెలియదు. కుచ్చెళ్ళు పైకి దోపింది. తాడు తన కాళ్ళకు వేసుకుంది. ఇన్నేళ్ళు కింద నిలబడి చూసిందే, చేతులు ఎక్కడ వెయ్యాలో, కాళ్ళు ఎట్లా ఎగదన్నాలో కళ్ళకు కంఠస్థం. మాను వాటేసుకుని ఎగిరింది. ఒక గంటు, ఇంకో గంటు.

"ఏం మే, పిచ్చి పట్టిందా? దిగు, నగుబాటు!" అని మునిచంద్ర నవ్వాడు. నీళ్ళు కడుతున్న మనుషులూ నవ్వారు. ఆమె దిగలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అరచేతులు చీరుకుపోతున్నాయి, అరికాళ్ళు మండిపోతున్నాయి. కాలు పెట్టిన ప్రతి చోటా చెట్టు గరుకుగా తగులుతోంది. రెండు నిలువుల ఎత్తుకు పోయాక ఆమె కిందికి చూసింది.

చూడకుండా ఉండాల్సింది. నేల గిర్రున తిరిగింది. చేతులు చెట్టుకు బిగుసుకుపోయాయి. పైకి పోనూ లేదు, కిందికి రానూ లేదు. 

"స్వర్ణా! దిగు. మెల్లిగా దిగు." ఇప్పుడా గొంతులో నవ్వు లేదు.

"రాలేను మామా. చేతులు రావడం లే."

"పట్టుకో. వదలొద్దు. నేనొస్తాండా."

తాడు ఆమె కాళ్ళకుంది. అతను తాడు లేకుండానే చెట్టును కరుచుకుని కాలు వేశాడు. కాలు జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. కాలు మాను మీద ఉందో గాల్లో ఉందో తెలియక తల వంచి చూసుకుంటూ వెయ్యబోయాడు. ఎన్నిసార్లు వేసినా మోకాలెత్తు దాటలేదు. మాను మీద నెత్తురు మరకలు కనపడ్డాయి. అతను హడలిపోయి పైకి చూశాడు.

"మే, నెత్తురు కారతాండాదే! యాడ తెగింది నీకు?"

"నాకేం తెగలే," అంది ఆమె పైనుంచి.

అతను తన కాలు ఎత్తి చూసుకున్నాడు. బొటనవేలి గోరు లేచిపోయి, అరికాలు నిలువునా చీలి ఉంది. దాన్ని ఇంకెవరిదో కాలు చూసినట్టు చూశాడు. పైన ఆమె చీర అంచు వణుకుతోంది. చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉంది. ఏ చెట్టయినా కన్నుమూసి ఎక్కే మనిషి ఆ దూరం ఎక్కలేకపోయాడు.

"అన్నా! గురుమూర్తన్నా! నిచ్చెన తేండన్నా! నేను ఎక్కలేను. నా కాళ్ళకు పానం లేదన్నా. ఎన్నాళ్ళనుంచో లేదు. నేను ఎక్కలేను, బిరీన తేండన్నా!"

తోటంతా వినపడేట్టు అరిచాడు. నీళ్ళు కడుతున్నవాళ్ళు విన్నారు, గురుమూర్తి విన్నాడు. సాయంత్రానికి రామసముద్రం వింటుంది, రేపటికి సోమల వింటుంది. చెట్టును కరుచుకున్న స్వర్ణ కూడా విన్నది. నుదురు మానుకు ఆనించి, కళ్ళు మూసుకుని, నిచ్చెన వచ్చేదాకా వేలాడింది.

గురుమూర్తి తనే నిచ్చెనెక్కి ఆమెను ఒడిసి పట్టి దింపాడు. ఆమె కూలబడి మంచినీళ్ళు తాగింది.  గురుమూర్తి కొట్టంలోని పశువుల్ని బయటికి తోలించి, కుప్పం నుంచి ఆ పైకెత్తే బండి పిలిపిస్తానని ఎవరికో ఫోన్ చేస్తూ పక్కకు పోయాడు.

మునిచంద్ర పశువుల కొట్టం గోడకు ముఖం ఆనించి ఏడుస్తున్నాడు. పసిపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. స్వర్ణ లేచి పోయి ఓదార్చలేదు. అతన్ని కడుపారా ఏడవనిచ్చింది. ఏడిస్తే ఏడ్చాడు, నేల మీద నిలబడే ఏడుస్తున్నాడు కదా.